తీర్థంలో కొన్న స్పేస్‌షిప్ బొమ్మకి కొత్త రంగు: ఇంజిన్ వెలుగు, కాలిన లోహం, పొగ వచ్చేలా చేయడం ఎలా

ఫ్యాన్సీ షాపులో దొరికే ప్లాస్టిక్ స్పేస్‌షిప్‌కీ, మోడలింగ్ పిచ్చి ఉన్నవాళ్ల అల్మారాలో కనిపించే నౌకకీ ఆకారంలో పెద్ద తేడా ఉండదు. తేడా అంతా రంగులోనే. ఫ్యాక్టరీవాళ్లు ఒళ్లంతా ఒకే బూడిద రంగు కొట్టి, రెండు స్టిక్కర్లు అతికించి, ఇంజిన్ ఉండాల్సిన చోట నారింజ చుక్క పెట్టి వదిలేస్తారు. ఆ రంగు మార్చి, ఇంజిన్ నిజంగా మండుతున్నట్టు, ఒళ్లు ఏళ్ల తరబడి తిరిగి అరిగిపోయినట్టు చేయడం ఎలాగో వరసగా చెబుతాను. ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చల్లే చిన్న గన్) ఉంటే పని తేలికవుతుంది కానీ, లేదని ఆగక్కర్లేదు. రెండు మంచి బ్రష్‌లు, ఒక నల్ల స్ప్రే డబ్బా ఉంటే మొదలుపెట్టొచ్చు.

ఎఫెక్ట్ అనగానే అందరూ మెరిసే రంగులు కొనడానికి పరిగెడతారు. నియాన్, పెర్ల్, క్రోమ్. నా లెక్కలో ముప్పావు వంతు పని నలుపూ ముదురు నీలమే చేస్తాయి. చుట్టూ చాలినంత చీకటి లేకపోతే ఎంత ఖరీదైన నియాన్ వేసినా మరకలాగే ఉంటుంది. కింద చెప్పే పద్ధతులన్నీ దాదాపు ఈ లెక్క మీదే నడుస్తాయి.

ముందు అది ఏ ప్లాస్టిక్కో చూడండి

కోనసీమలో అంతర్వేది తీర్థం (జాతర)లోనో, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలోనో చవకగా కొన్న బొమ్మ ప్రాక్టీసుకి బాగా పనికొస్తుంది, పాడైనా ప్రాణం ఉసూరుమనదు. కాకపోతే అలాంటి బొమ్మల్లో కొన్నిటికి పెయింట్ అసలు పట్టదు. బిందెలు, మగ్గులు చేసే పాలిథిన్, పాలీప్రొపిలీన్ మీద ఏం వేసినా గోటితో గీస్తే పొరగా లేచి వచ్చేస్తుంది.

కనిపెట్టడం సులువు. అడుగున కనపడని చోట గోరంత ముక్క కోసి గ్లాసు నీళ్లలో వేయండి. వేలితో ముంచి, అంటుకున్న గాలి బుడగల్ని వదిలించండి. పైకి తేలిందా, అది పాలిథిన్ జాతి, పక్కన పెట్టేయండి. మునిగితే పాలీస్టైరీనో ఏబీఎస్సో అయ్యుంటుంది, రంగు చక్కగా పడుతుంది. మునిగినా వేళ్ల మధ్య మెత్తగా వంగుతుంటే పీవీసీ కావచ్చు. దాని మీద కొన్ని స్ప్రే పెయింట్లు ఎన్నాళ్లైనా జిగట వదలవు కాబట్టి నీళ్లతో కలిపే ఆక్రిలిక్ మాత్రమే వాడండి.

లోహపు డై-కాస్ట్ బొమ్మైతే పై భాగం జింక్ మిశ్రమం, అద్దాలూ ఇంజిన్లూ ప్లాస్టిక్. అడుగున ఉన్న రివెట్ తలని చిన్న డ్రిల్ బిట్‌తో తొలిస్తే రెండూ విడిపోతాయి. 3డి ప్రింట్ తీయించుకున్న మోడల్‌కి పొరల గీతలు ఉంటాయి. వాటర్ పేపర్ 400తో మొదలుపెట్టి 800తో ముగించి, మిగిలిన గీతల్లో పుట్టీ పెట్టాలి.

పాత రంగు తీయాలా, వద్దా

చాలా బొమ్మలకి అక్కర్లేదు. ఫ్యాక్టరీ రంగు పల్చగా, నున్నగా ఉంటే 800 వాటర్ పేపర్‌తో మెరుపు పోయేదాకా తడిగా రుద్ది, సబ్బు నీళ్లతో కడిగి, నేరుగా ప్రైమర్ (రంగు పట్టేలా ముందు వేసే పూత) కొట్టొచ్చు. రంగు మందంగా పేరుకుని ప్యానెల్ (ఒంటి మీది పలకల) గీతలు పూడిపోయినప్పుడే పూర్తిగా తీయాలి.

దానికి ఇంట్లో ఉండే డెట్టాల్ ద్రవం చాలు. నీళ్లు కలపకుండా మూత ఉన్న గాజు సీసాలో పోసి, బొమ్మని ఒక రాత్రి నానబెట్టండి. పొద్దున్నకి రంగు ముడతలు పడి ఉంటుంది. గ్లవ్స్ వేసుకుని, పాత టూత్‌బ్రష్‌ని అదే డెట్టాల్‌లో ముంచి తోమండి. ఇక్కడే చాలామంది కంగారుపడి కుళాయి కింద పెడతారు. నీళ్లు తగలగానే ఆ కరిగిన రంగు జిగురుగా మారి మళ్లీ బొమ్మకే పట్టేస్తుంది. రంగంతా పోయేదాకా డెట్టాల్‌తోనే తోమి, గుడ్డతో తుడిచి, ఆఖర్న గిన్నెలు తోమే లిక్విడ్, నీళ్లు. ముందు ఒక మూల పరీక్షించి చూసుకోండి. రెసిన్ ప్రింట్లని మాత్రం ఇలా రాత్రంతా నానబెట్టకండి, మెత్తబడే ప్రమాదం ఉంది.

ఎన్‌సీ థిన్నర్, నెయిల్ పాలిష్ రిమూవర్, పెట్రోల్ ప్లాస్టిక్ దగ్గరికే తీసుకురావద్దు. పాలీస్టైరీన్ కరిగిపోతుంది. స్టిక్కర్ జిగురు వదలకపోతే కాస్త కొబ్బరి నూనె రాసి పది నిమిషాలు ఆగితే చాలు, గుడ్డకి వచ్చేస్తుంది. తర్వాత ఆ నూనె జిడ్డు పోయేదాకా సబ్బుతో కడగాలి, లేకపోతే ప్రైమర్ పట్టదు.

మన గాలి సంగతి

ఇంటర్నెట్‌లో చూసే వీడియోలు చాలావరకు పొడి గాలి ఉన్న చోట తీసినవి. కాలవలు, చెరువులు, చేల మధ్య ఉండే మనకి జూన్ నుంచి నవంబరు దాకా గాలినిండా నీళ్లే. నీళ్ల ఆక్రిలిక్‌కి దీంతో పెద్ద ఇబ్బంది లేదు, ఆరడం ఆలస్యమవుతుంది అంతే. అసలు టెన్షన్ స్ప్రే డబ్బాలతో. డబ్బాలోని ద్రావకం చకచకా ఆవిరవుతూ బొమ్మ పైభాగాన్ని చల్లబరుస్తుంది. ఆ చల్లదనానికి గాలిలోని తేమ తడి పెయింట్ మీదే చేరి, నల్లగా ఉండాల్సింది తెల్లగా మబ్బు పట్టినట్టు తయారవుతుంది. కారు టచప్ చేసేవాళ్లు దీన్నే బ్లషింగ్ అంటారు. ముసురు పట్టిన రోజు వాళ్ల దగ్గరికి వెళ్లి అడిగి చూడండి. "ఇప్పుడు కొడితే తెల్లగా అయిపోద్దండీ, ఎండ రానివ్వండి" అంటారే గానీ గన్ ముట్టుకోరు.

మనం కూడా అదే పాటించాలి. సంక్రాంతి వెళ్లాక మార్చి దాకా స్ప్రే పనికి మంచి కాలం, అందులోనూ మంచు విడిచిపోయాక పదకొండింటి నుంచి మూడింటి దాకా. వానాకాలంలో తప్పకపోతే వాన వెలిసి ఎండ గట్టిపడ్డాక, డబ్బాని గోరువెచ్చటి నీళ్లలో కాసేపు ఉంచి, బాగా ఊపి, చాలా పల్చటి పూతలు వేయండి. మరిగే నీళ్లు, పొయ్యి పొరపాటున కూడా వద్దు, డబ్బా పేలుతుంది. ఏసీ గది తేమని లాగేస్తుంది కాబట్టి ఆరబెట్టడానికి బాగుంటుంది. కానీ స్ప్రే అక్కడ కొట్టకండి, ఆ ఆవిర్లు గదిలోనే తిరుగుతాయి. స్ప్రే ఆరుబయటే, ముఖానికి ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కుతో. మామూలు ఎన్95 మాస్కు తుంపరల్ని ఆపుతుంది, థిన్నర్ ఆవిరిని ఆపదు. ఎయిర్‌బ్రష్ ఉన్నవాళ్లు కంప్రెసర్ గొట్టానికి మాయిశ్చర్ ట్రాప్ (గాలిలోని నీటిని పట్టేది) పెట్టుకోకపోతే పెయింట్ మధ్యలో నీటి చుక్కలు ఉమ్ముతుంది.

ఇంకో శత్రువు పురుగులు. సార్వా (ఖరీఫ్) పైరు ఎదిగిన రోజుల్లో రాత్రి లైటు వేస్తే చాలు, సుడిదోమ గుంపులుగా దిగుతుంది. తడి వార్నిష్ మీద ఒక్కటి వాలి కాళ్లు ఇరుక్కుంటే దాన్ని తీయబోయి రంగంతా చెడగొట్టుకుంటాం. తడి పని పగలే ముగించండి. ఆరేటప్పుడు ఫ్యాన్ ఆపి, ఖాళీ స్వీట్ డబ్బా బోర్లించి, గాలి ఆడేలా ఒక పక్క అగ్గిపుల్ల దూర్చండి.

ప్రైమర్, అడుగు రంగు

ఎఫెక్టులు వేయబోయే మోడల్‌కి నల్ల ప్రైమర్ కొట్టండి. బొమ్మకి 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరం ఉంచి, స్ప్రేని బొమ్మ బయట మొదలుపెట్టి, దాటించి, బయటే ఆపాలి. మొదటి పూత అక్కడక్కడా ప్లాస్టిక్ కనిపించేంత పల్చగానే ఉండనివ్వండి. పావుగంట ఆగి రెండోది, అవసరమైతే మూడోది. స్ప్రే దొరకని చోట నల్ల జెస్సో (కాన్వాస్‌కి వేసే ప్రైమర్ లాంటి పూత) బ్రష్‌తో వేసినా సరిపోతుంది. నల్లటి పూత ఆరాక పైనుంచి మాత్రమే, ఒకే కోణంలో, తెల్ల ప్రైమర్ దుమ్ములా చల్లండి. ఎక్కడ వెలుగు పడాలో, ఎక్కడ నీడ ఉండాలో అక్కడికక్కడే తెలిసిపోతుంది.

ఆ తర్వాత అడుగు రంగు. పుస్తకాల షాపుల్లో దొరికే ఆర్టిస్ట్ ఆక్రిలిక్ ట్యూబులు సరిపోతాయి. ఫ్యాబ్రిక్ కలర్ వద్దు, అది ఆరినా సాగుతూనే ఉంటుంది, తర్వాత వాటర్ పేపర్‌తో రుద్దితే ఉండలు కడుతుంది. పెయింట్ పల్చటి మజ్జిగలా ఉండాలి. ఒక పూతలో కప్పేయాలని చూడకుండా మూడు నాలుగు పూతలుగా వేయండి.

అచ్చ తెలుపు ఎక్కడా వాడకండి, దాన్ని ఇంజిన్ కోసం దాచుకోవాలి. ఒళ్లుకి లేత బూడిద కలిపి, అందులోంచే కాస్త వెచ్చగా ఒకటి, కాస్త చల్లగా ఒకటి, కాస్త ముదురుగా ఒకటి కలుపుకుని, ప్యానెళ్లని ఒక వరస లేకుండా ఆ మూడిటితో నింపండి. తేడా కళ్లకి అందీ అందనట్టు ఉంటేనే బొమ్మ పెద్దదిగా కనిపిస్తుంది. గీతల కోసం మాస్కింగ్ టేప్ వాడితే, ముందు దాన్ని గాజు మీద ఒకసారి అంటించి లాగండి. జిగురు తగ్గుతుంది, కింది రంగు లేచి రాదు.

ఇంజిన్ వెలుగు

మోడల్‌లో కన్ను మొదట పడేది ఇక్కడే, తీరిగ్గా చేయండి.

ముందు ఏ రంగు వెలుగో తేల్చుకోవాలి. నిజమైన రాకెట్లలో ఇది ఇంధనాన్ని బట్టి ఉంటుంది. కిరోసిన్ మండితే మంటలో మసి కణాలు వెలుగుతాయి కాబట్టి పసుపు కలిసిన నారింజ. ద్రవ హైడ్రోజన్ మంట పగటిపూట దాదాపు కనపడదు. మన ఇస్రో రాకెట్ ఎల్‌వీఎం3 పక్కల ఉండే ఎస్200 ఘన బూస్టర్లు కళ్లు చెదిరే మంటా, వెనక దట్టమైన తెల్ల పొగా వదులుతాయి. గ్జెనాన్‌తో నడిచే అయాన్ ఇంజిన్ వెలుగు నీలం. ఊహా నౌకకి మీ ఇష్టం. బూడిద ఒళ్లుకి నీలం ఎవరైనా వేస్తారు. నాకైతే చల్లటి బూడిద మీద నారింజే ఎక్కువ నచ్చుతుంది. ఇక్కడ నీలంతో చెబుతాను, నారింజకి వరస మారదు.

నాజిల్ (ఇంజిన్ మంట బయటికొచ్చే గరాటు) లోపలంతా నలుపు కలిపిన ముదురు నీలంతో నింపండి. ఆరాక, అంచు దగ్గర సన్నటి ముదురు వలయం వదిలి, లోపల అచ్చ నీలం. దానిలోపల ఇంకొంచెం చిన్నగా, తెలుపు కలిపిన లేత నీలం. అట్టడుగున, అన్నిటికన్నా చిన్నగా, అచ్చ తెలుపు. మోడల్ మొత్తం మీద అచ్చ తెలుపు ఉండేది ఈ చుక్క ఒక్కటే. పొరకీ పొరకీ మధ్య గీతలా కనిపిస్తే, రెండిటి మధ్య రంగు కలిపి తడి బ్రష్‌తో సర్దండి.

ఇప్పుడు ఆ వెలుగు ఒళ్లు మీద పడాలి. ఎక్కడ పడుతుందో ఊహించి వేస్తే తొంభై శాతం తప్పే వస్తుంది. గది చీకటి చేసి, చిన్న ఎల్‌ఈడీని నాజిల్ నోటి దగ్గర పట్టుకుని, మోడల్‌ని నాలుగు వైపుల నుంచీ ఫోన్‌తో ఫొటో తీయండి. ఆ ఫొటోలే మీ మ్యాపు. రెక్క వెనక అంచు మీద వెలుగు పడుతుంది, ముందు అంచు మీద పడదు. ఎత్తుగా ఉన్న పెట్టెకి ఇంజిన్ వైపు గోడ వెలుగుతుంది, అవతలి గోడ నల్లగానే ఉంటుంది.

ఆ ఫొటో చూస్తూ నీలాన్ని గ్లేజ్‌గా, అంటే కింది రంగు కనిపించేంత పల్చటి పూతగా వేయాలి. ఒక వంతు పెయింట్, ఆరేడు వంతులు నీళ్లు లేదా గ్లేజింగ్ మీడియం. బ్రష్‌ని టిష్యూ మీద అద్ది, ఎప్పుడూ దూరం నుంచి ఇంజిన్ వైపుకే లాగండి. బ్రష్ ఎక్కడ ఆగుతుందో అక్కడే రంగు ఎక్కువ చేరుతుంది, మనకి చిక్కగా కావాల్సింది ఇంజిన్ దగ్గరే. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది కాబట్టి అత్యాశకి పోవద్దు. సెంటీమీటరు వెడల్పు నాజిల్‌కి వెలుగు ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్ల దగ్గరే చచ్చిపోవాలి. ఇంజిన్‌కి ఎదురుగా ఉన్న అంచుల మీద మాత్రం వెంట్రుకంత లేత నీలం గీత.

ఇంతా చేసి వెనక్కి జరిగి చూస్తే వెలుగు చాలలేదనిపిస్తుంది. అప్పుడు చెయ్యి తెలుపు వైపు వెళ్తుంది. వెళ్లనివ్వకండి. నలుపూ నీలం కలిపిన గ్లేజ్‌తో వెలుగు చుట్టుపక్కల ఉన్న భాగాన్ని ఇంకో మెట్టు దించండి. ఇంజిన్ దానంతటదే రాజుకుంటుంది.

ఫ్లోరొసెంట్ రంగు వేయాలనుంటే ఆఖర్న, తెలుపు మీద మాత్రమే, పల్చగా. నలుపు మీద అది పని చేయదు. ఎండ తగిలే చోట పెడితే తొందరగా వెలిసిపోతుంది కూడా. చీకట్లో వెలిగే స్ట్రాన్షియం అల్యూమినేట్ పొడి దొరికితే, క్లియర్ మీడియంలో కలిపి కిటికీ చుక్కలకి వాడండి. దానికీ కింద తెలుపే ఉండాలి. రంగుల్లో ఆకుపచ్చగా వెలిగేది ఎక్కువసేపు నిలుస్తుంది. కిటికీలన్నీ వెలిగించకండి. లోపల మనుషులుంటే సగం గదుల్లో లైటు ఆపే ఉంటారు కదా.

కాలిన లోహం

బాగా తిరిగిన బుల్లెట్ బండి సైలెన్సర్ వంపు దగ్గరికి వెళ్లి చూడండి. ఇంజిన్‌కి దగ్గరగా నీలం, దాని తర్వాత ఊదా, తర్వాత గోధుమ, ఆఖర్న ఎండుగడ్డి పసుపు. వేడికి లోహం మీద ఏర్పడే సన్నటి ఆక్సైడ్ పొర మందం మారేకొద్దీ రంగు మారుతుంది. ఉక్కు మీద సుమారు 220 డిగ్రీల సెల్సియస్ దగ్గర పసుపు మొదలై, 300 వచ్చేసరికి నీలం తేలుతుంది. మీ నాజిల్ బయట కూడా ఇదే వరస. వెండి రంగు వేసి, దాని మీద ముందు పసుపు గ్లేజ్ వెడల్పుగా, తర్వాత వేడి వైపు జరుగుతూ గోధుమ, ఊదా, నీలం, ఒక్కోటీ ముందుదాని కన్నా సన్నగా. వెండి మెరుపు కింద నుంచి తెలుస్తూ ఉండాలి. కప్పేస్తే ఇంద్రధనుస్సు అయిపోతుంది.

గీతలు, గీరుళ్లు

ప్యానెల్ గీతల్లోకి ముదురు రంగు పంపాలంటే ముందు గ్లాస్ (మెరిసే) వార్నిష్ వేసి ఆరనివ్వాలి. బర్న్ట్ అంబర్, నలుపు ఆయిల్ పెయింట్లని మినరల్ టర్పెంటైన్‌లో టీ రంగు వచ్చేదాకా పల్చన చేసి, సన్న బ్రష్ కొనని గీతకి ఆనించండి. అది దానంతటదే గీత పొడవునా పాకుతుంది, చూడ్డానికే సరదాగా ఉంటుంది. అరగంటకి, టర్పెంటైన్ కొద్దిగా అద్దిన ఇయర్‌బడ్‌తో అదనపు మురికిని ముందు నుంచి వెనక్కి తుడవండి. అంతరిక్షంలో గాలే లేనప్పుడు చారలెందుకు పడతాయని ఎవరైనా అడగొచ్చు. మీ నౌక ఏదో గ్రహం మీద దిగి వచ్చిందని చెప్పండి.

పెయింట్ ఊడిన మచ్చలకి గిన్నెలు తోమే స్పాంజి చించి, ముదురు గోధుమలో ముంచి, టిష్యూ మీద దాదాపు ఆరేదాకా అద్ది, అంచుల మీద తట్టండి. ఇంకా లోతుగా కావాలంటే కళ్లుప్పు పద్ధతి ఉంది. వెండి రంగు వేసి వార్నిష్‌తో మూసి, తడిపి, నలగ్గొట్టిన కళ్లుప్పు చల్లి ఆరబెట్టి, పైన ఒంటి రంగు స్ప్రే చేసి, ఆరాక ఉప్పు రాల్చేస్తే వెండి బయటపడుతుంది. వానాకాలంలో దీని జోలికి వెళ్లకండి, ఉప్పు ఆరదు. ఎండాకాలంలో చేసినా రెండు మూడుసార్లు కడగాలి. గీతలో ఒక్క రవ్వ మిగిలినా తేమ పీల్చి పైనున్న వార్నిష్‌ని లేపుతుంది.

రంగులు మారే ఒళ్లు, బంగారు రేకు

చూసే కోణాన్ని బట్టి ఊదా నుంచి ఆకుపచ్చకి తిరిగే కలర్‌షిఫ్ట్ పెయింట్ కింద తప్పనిసరిగా మెరిసే నలుపు ఉండాలి. మ్యాట్ నలుపు మీద సగం ఎఫెక్ట్ పోతుంది. చవక దారి కావాలంటే నెయిల్ ఆర్ట్ వాళ్లు వాడే క్రోమ్ పొడిని బాగా ఆరిన గ్లాస్ నలుపు మీద స్పాంజి కొనతో రుద్దండి. నెయిల్ పాలిష్ మాత్రం నేరుగా వేయొద్దు, అందులోని ద్రావకాలు ప్లాస్టిక్‌ని తింటాయి. మొత్తం నౌకకి కలర్‌షిఫ్ట్ వేస్తే పెళ్లి మండపంలా ఉంటుంది. ఒక రెక్కకో, రెండు ప్యానెళ్లకో చాలు.

2023 ఆగస్టు 23న చంద్రుడి మీద దిగిన చంద్రయాన్-3 ల్యాండర్ విక్రమ్ లాంటి నిజమైన వాహనం చేస్తుంటే బంగారు పెయింట్ వాడకండి. అక్కడ కనిపించేది వేడి నుంచి కాపాడే పొరల దుప్పటి. అల్యూమినియం పూత ఉన్న పాలీఇమైడ్ ఫిల్మ్ తేనె రంగులో ఉండడం వల్ల బంగారంలా మెరుస్తుంది. చాక్లెట్ బంగారు రేకుని నలిపి, సగం సాపు చేసి, పల్చటి డబుల్ సైడ్ టేప్‌తో అతికించండి. ఆ ముడతలే దాని అందం.

నిజం లైటు, నిజం పొగ

లోపల ఎల్‌ఈడీ పెట్టాలనుకుంటే అది రంగు వేయకముందే తేల్చుకోవాల్సిన సంగతి. పల్చటి ప్లాస్టిక్ గుండా వెలుగు బయటికి కారుతుంది. పెంకు లోపల ముందు నలుపు, దాని మీద వెండి వేయండి. నలుపు వెలుగుని ఆపుతుంది, వెండి దాన్ని నాజిల్ వైపు తోస్తుంది.

3 మిల్లీమీటర్ల తెల్ల లేదా నీలం ఎల్‌ఈడీకి సుమారు 3 వోల్టులు కావాలి, కాబట్టి సీఆర్2032 బటన్ బ్యాటరీతో నేరుగా వెలుగుతుంది. ఫోన్ ఛార్జర్ 5 వోల్టులతో అయితే మధ్యలో 220 ఓమ్ రెసిస్టర్ పెట్టండి. ఎరుపుకి 2 వోల్టులే చాలు, దానికి బ్యాటరీతో వాడినా రెసిస్టర్ ఉండాలి. మంట రెపరెపలాడాలంటే దీపావళికి అమ్మే ఎలక్ట్రిక్ దీపంలోని ఎల్‌ఈడీని తీసి పెట్టుకోవడమే. కరెంటు ప్లగ్గుకి పెట్టే సీరియల్ సెట్లు కోసి వాడొద్దు, అందులో నేరుగా 230 వోల్టులు నడుస్తాయి. ఇంట్లో పసిపిల్లలుంటే బటన్ బ్యాటరీ అరని స్క్రూతో బిగించండి. మింగితే అన్నవాహికని కాల్చేస్తుంది.

పొగకి దూది. మన దిండ్లలో ఉండే బూరుగు దూది పట్టులా తేలిగ్గా ఉంటుంది కానీ దాని పీచు మీద మైనం పొర ఉంటుంది, నీళ్ల రంగు జారిపోతుంది. కాబట్టి రంగు వేసే లోపలి భాగానికి మామూలు పత్తి, పైన విడిపోయే తెల్ల పొగకి బూరుగు. సన్న తీగ చుట్టూ పత్తిని వదులుగా లాగుతూ చుట్టండి, చేత్తో నొక్కకండి. నాజిల్ పక్కన పసుపు, ఆ తర్వాత నారింజ, చివరికి బూడిద నలుపు, అంతా పల్చటి స్ప్రేతోనో దాదాపు ఆరిన బ్రష్‌తోనో. ఎల్‌ఈడీని పత్తిలోకి సెంటీమీటరు లోపలికి దూర్చితే లోపలి నుంచి మండుతున్నట్టుంటుంది. దూది అంటుకునే వస్తువు కాబట్టి ఎల్‌ఈడీ తప్ప వేడెక్కే బల్బు ఏదీ వద్దు.

ఆఖరి పూత

ఒళ్లంతా మ్యాట్ వార్నిష్, పొడి రోజున, పల్చగా. తేమలో మ్యాట్ స్ప్రే కొడితే తెల్లటి బూజు పట్టినట్టు అవుతుంది, ముదురు రంగుల మీద అది మరీ కనిపిస్తుంది. అనుమానంగా ఉంటే బ్రష్‌తో వేసే నీళ్ల వార్నిష్‌కి మారండి. కొట్టేముందు కలర్‌షిఫ్ట్ ప్యానెళ్లని, బంగారు రేకుని, నాజిల్ లోపలిని టేప్‌తో మూసేయాలి, లేకపోతే వాటి మెరుపు చచ్చిపోతుంది. ఆరాక టేప్ తీసి, నాజిల్ అడుగున ఉన్న తెల్ల చుక్క మీద బ్రష్ కొనతో ఒక బొట్టు గ్లాస్ వార్నిష్ పెట్టండి. తర్వాత గాజు తలుపుల అల్మారాలో, పక్కన సిలికా జెల్ పొట్లం వేసి. ఆ పొట్లాల్ని వానాకాలంలో అప్పుడప్పుడూ తీసి ఎర్రటి ఎండలో పెడుతుండాలి.